69 రోడ్ రన్నర్ వైరింగ్: కట్టర్ పట్టుకునే ముందు ఇదొకసారి చదువు తమ్ముడూ

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. 1969 ప్లిమత్ రోడ్ రన్నర్, 383 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, ఫోర్ స్పీడ్ గేరు, ఏళ్ల తరబడి గ్యారేజీలో కదలకుండా పడున్న బండి, డాష్ కింద చూస్తే ఎప్పుడో స్టీరియో పెట్టినోడు కోసి వదిలేసిన వైర్లు, ఎలుకలు కొరికిన టేపు. వైరింగ్ మొత్తం పీకేసి యూనివర్సల్ కిట్ (ఏ బండికైనా వేసే వైర్ల సెట్టు) వేసేయాలా, ఇంజిన్ ముందా వైరింగ్ ముందా, రెండు కార్ల గ్యారేజీలో నా వల్ల అయ్యే పనేనా, ఇవీ నువ్వడిగినవి. నీ వల్ల అవుద్ది, అందులో డౌటేం లేదు, ఇది కంప్యూటర్ లేని బండి, మొత్తం సర్క్యూట్ రెండు మూడు పేజీల్లో గీసేయొచ్చు. కానీ ఒక్క వైరు కూడా ఇప్పుడే కొయ్యకు.

నేనుండేది డెట్రాయిట్ పక్కన, ఇక్కడ ఈ బండ్ల పిచ్చి ఉన్నోళ్లు వీధికొకరు ఉంటారు, ఆగస్టులో వుడ్‌వర్డ్ క్రూజ్‌కి, అంటే పాత బండ్ల ఊరేగింపుకి, వస్తే నీకే తెలుస్తుంది. నేను చేసినవన్నీ మోపార్‌లే, అంటే క్రైస్లర్, డాడ్జ్, ప్లిమత్. అందుకే నీ బండి గురించి మాత్రం గట్టిగా మాట్లాడగలను, ముస్టాంగ్, కమారో వైరింగ్ వేరే లెక్క, వాటి వీడియోలు చూసి దీని మీద ప్రయోగం చెయ్యకు.

ముందు విన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్ చూడు, డాష్ మీద డ్రైవర్ వైపు, అద్దంలోంచి కనపడుద్ది. ఆర్ఎమ్23హెచ్9 అని మొదలైతే అది నిజం రోడ్ రన్నర్ హార్డ్‌టాప్, హెచ్ అంటే నాలుగు బారెల్ కార్బొరేటర్ 383, 9 అంటే 1969. ఆ తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ, ఏ అయితే డెట్రాయిట్ లించ్ రోడ్, జీ అయితే సెయింట్ లూయిస్, ఈ అయితే లాస్ ఏంజెలెస్. ఎందుకు చూడమంటున్నానంటే కంపెనీ నుంచే 383తో వచ్చిన బండిని ఎంతవరకు ఒరిజినల్‌గా ఉంచాలనేది నీ వైరింగ్ నిర్ణయాన్ని కూడా మారుస్తుంది, రేపు అమ్మాలనుకున్నప్పుడు కొనేవాడు హుడ్ ఎత్తి చూసేది ఇవే. ఎవరో ప్లిమత్ మామూలు మోడల్ బెల్వెడెర్‌కి స్టిక్కర్లేసి రోడ్ రన్నర్ చేసిన బండైతే నీ ఇష్టమొచ్చినట్టు చేస్కో, ఎవడూ అడగడు.

ఇక అసలు సంగతి. ఈ బండ్లలో కాలిపోయేది ఎక్కువగా ఒక్క దారిలోనే. బ్యాటరీ ప్లస్ నుంచి స్టార్టర్ రిలే, అక్కడ్నుంచి ఒక ఫ్యూజిబుల్ లింక్ (కరెంటు మరీ ఎక్కువైతే ముందు తానే కాలిపోయే వైరు ముక్క), అక్కడ్నుంచి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ లోపలికీ మధ్య రేకు గోడ) మీద ఉన్న బల్క్‌హెడ్ కనెక్టర్, అంటే వైర్లు ఆ గోడ దాటే ప్లగ్గులో ఒక పిన్ను గుండా లోపలికి ఎర్ర వైరు, అది నేరుగా డాష్‌లో అమ్మీటర్‌కి (కరెంటు చూపే గేజ్) ఒక వైపు. అమ్మీటర్ రెండో వైపు నుంచి నల్ల వైరు, మళ్లీ బల్క్‌హెడ్‌లో ఇంకో పిన్ను గుండా బయటికొచ్చి ఆల్టర్నేటర్‌కి. ఆ నల్ల వైరు మీద లోపల టేపు కింద ఒక వెల్డ్ చేసిన జాయింట్ ఉంటుంది, ఇగ్నిషన్ స్విచ్, హెడ్‌లైట్ స్విచ్, ఫ్యూజ్ బాక్స్ అన్నీ దాన్నుంచే తాగుతాయి. అంటే బండి మొత్తానికి కరెంటు వచ్చేది రెండు పిన్నులు, ఒక గేజ్ మీదుగా. ఆ పిన్నులు మామూలు రేకు టెర్మినళ్లే, ఇంజిన్ వేడిలో, ముందు అద్దం కింద ఉండే కౌల్ నుంచి కారే వాన నీటిలో యాభై ఏళ్లు పైగా ఉన్నాయి.

చాలామంది బండి కరెంటంతా అమ్మీటర్ గుండానే పోతుందంటారు, అది సగమే నిజం. ఇంజిన్ నడుస్తూ ఆల్టర్నేటర్ సరిగా ఇస్తున్నప్పుడు లైట్లు, ఇగ్నిషన్ వాడే కరెంటు నల్ల వైరు పిన్ను దాటి జాయింట్ దగ్గరే చీలిపోద్ది, అమ్మీటర్ గుండా వెళ్లేది బ్యాటరీ ఛార్జింగ్ కరెంటు మాత్రమే. బ్యాటరీ నిండుగా ఉంటే అది దాదాపు సున్నా, ముల్లు మధ్యలో నిలబడుద్ది. ఇది అర్థమైతే రెండు విషయాలు నీకే తెలిసిపోతాయి. ఒకటి, చచ్చిపోయిన బ్యాటరీకి జంపర్ కొట్టి స్టార్ట్ చేసి ఆల్టర్నేటర్‌తో ఛార్జ్ చెయ్యడం ఈ బండికి అన్నిటికన్నా చెడ్డది, అప్పుడు ఆల్టర్నేటర్ ఇవ్వగలిగిందంతా ఆ రెండు పిన్నులు, అమ్మీటర్, ఫ్యూజిబుల్ లింక్ మీదుగా ఏకధాటిగా పోతుంది, చలికాలమంతా పడుకోబెట్టి ఏప్రిల్‌లో ఇలా తీసినోళ్ల బండ్లలోనే డాష్ కింద పొగొస్తుంది. బ్యాటరీని గోడ ఛార్జర్‌తో నింపి ఆ తర్వాతే స్టార్ట్ చెయ్యి. రెండోది, ఎలక్ట్రిక్ ఫ్యాను, ఆంప్లిఫయర్ లాంటివి తగిలించినోళ్లు వైరు తీసుకెళ్లి బ్యాటరీ ప్లస్‌కి కడతారు, వేరే బండ్లలో అదే కరెక్టు, కానీ ఇందులో అలా కడితే ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఆ లోడంతా అమ్మీటర్ గుండా పోతుంది. అమ్మీటర్ ఉంచినంత కాలం కొత్త లోడ్లు ఆల్టర్నేటర్ స్టడ్ (వైరు బిగించే బోల్టు) వైపు నుంచి తీసుకోవాలి, వాటికి సొంత ఫ్యూజు పెట్టి.

కాబట్టి మొదటి పని, బ్యాటరీ తీసేసి బల్క్‌హెడ్ కనెక్టర్ విప్పి చూడు. ఇంజిన్ వైపు ప్లగ్గులు ఊడొస్తాయి, మొరాయిస్తే స్క్రూడ్రైవర్‌తో బలవంతంగా ఎత్తకు, ఆ ప్లాస్టిక్ బిస్కెట్‌లా విరుగుద్ది, లాక్ చెవులు నొక్కి అటూ ఇటూ మెల్లగా ఆడించు. ఎర్ర, నల్ల లావు వైర్ల పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందా, ఉబ్బిందా, టెర్మినల్ మీద పచ్చ పొడి ఉందా చూడు. ప్లాస్టిక్ కరిగుంటే ఆ కనెక్టర్ బాడీ మార్చాల్సిందే, కొత్తవి తయారుచేస్తున్నారు. లేదంటే ఒక్కో టెర్మినల్ బయటికి తీసి శుభ్రం చేసి, లూజుగా ఉంటే కొత్తది క్రింప్ చేసి, అంటే వైరు మీద నొక్కి బిగించి, తడి చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టు. ఒకేసారి నాలుగు పీకి ఏది ఎక్కడిదో మర్చిపోకు, ఒకటి తీసి ఒకటి పెట్టు.

ఇప్పుడు యూనివర్సల్ కిట్ సంగతి. పెయిన్‌లెస్, అమెరికన్ ఆటోవైర్ లాంటి కిట్లు మంచివే, కొత్త ఫ్యూజ్ బాక్సు, బ్లేడ్ ఫ్యూజులు, వైరు మీద పొడుగునా పేరు ప్రింటు చేసి ఉంటుంది. కానీ యూనివర్సల్ అంటే ప్రతి వైరు నువ్వే కొలిచి కొయ్యాలి, ప్రతి చివర నువ్వే క్రింప్ చెయ్యాలి, నీ పాత స్విచ్‌లకి సరిపడే కనెక్టర్లు నువ్వే వెతుక్కోవాలి. మొదటి బండికి నా ఓటు ఒరిజినల్ లాంటి రీప్రొడక్షన్ హార్నెస్‌కే (కనెక్టర్లతో సహా వచ్చే వైర్ల కట్ట), ఎమ్ అండ్ హెచ్ వాళ్లది ఎప్పట్నుంచో ఉంది, అదే రంగులు, అదే కనెక్టర్లు, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న డయాగ్రామ్‌కి అచ్చంగా సరిపోద్ది. రేపు రాత్రి పదింటికి ఏదో లైటు వెలగకపోతే డయాగ్రామ్ చూసి పట్టుకోగలగాలి కదా, కిట్ వేస్తే నీ డయాగ్రామ్ నీ తలకాయలోనే ఉంటుంది. హెమీ లాంటి పెద్ద ఇంజిన్ పెట్టి ఫ్యుయెల్ ఇంజెక్షన్, ఏసీ, ఎలక్ట్రిక్ ఫ్యాన్లు అంటూ మొత్తం మార్చేసే ఆలోచన ఉంటే అప్పుడు కిట్టే కరెక్టు.

మధ్యే మార్గం కూడా ఉంది. ఎలుకలు కొరికింది ఇంజిన్ బే హార్నెస్ అయితే అదొక్కటే కొత్తది వెయ్యి. డాష్ హార్నెస్ తీసి టేబుల్ మీద పరిచి టేపు విప్పి, స్టీరియోవాడు కోసిన చోట్లు మాత్రం బాగుచేస్తే చాలాసార్లు సరిపోద్ది, లోపల వైరు ఎండ చూడలేదు కాబట్టి పైన టేపు కంపు కొడుతున్నా లోపల మెత్తగానే ఉంటుంది. వైరుని వేలికి చుట్టి చూడు, ఇన్సులేషన్ పగిలితే పారెయ్యి.

డయాగ్రామ్ చదవడం గురించి ఒక మాట. దాంట్లో ఆర్6 12 బీకే అని ఉంటే ఆర్6 సర్క్యూట్ పేరు, 12 వైరు గేజ్, అంటే మందం (నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం), బీకే నలుపు. అంటే అది ఆల్టర్నేటర్ నల్ల వైరు. ఇంకో రెండు గుర్తుపెట్టుకో. ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే ముదురు నీలం వైరు రన్ పొజిషన్‌లో కరెంటిస్తుంది, గోధుమరంగుది స్టార్టర్ తిరుగుతున్నంతసేపు మాత్రమే, కాయిల్‌కి వెళ్లే వోల్టేజీ తగ్గించే బాలస్ట్ రెసిస్టర్‌ని దాటేసి కాయిల్‌కి నేరుగా ఇస్తుంది. తాళం తిప్పితే ఇంజిన్ అందుకుని, తాళం వదలగానే ఆగిపోతోందంటే కార్బొరేటర్ జోలికెళ్లకు, ఫైర్‌వాల్ మీద ఉన్న ఆ తెల్ల పింగాణీ ముక్క పోయినట్టే, అదే బాలస్ట్ రెసిస్టర్. గ్లవ్ బాక్సులో ఒక స్పేర్ పడేసి ఉంచు.

ఆ నీలం వైరులో ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 69 బండిలో వోల్టేజ్ రెగ్యులేటర్‌కి బ్యాటరీ ఎంత ఉందో తెలిసేది ఆ వైరు ద్వారానే. ఆ దారిలో బల్క్‌హెడ్ పిన్నో, ఇగ్నిషన్ స్విచ్చో తుప్పుపట్టి ఒక వోల్టు తినేసిందనుకో, రెగ్యులేటర్ పాపం బ్యాటరీ తక్కువుందనుకుని ఆల్టర్నేటర్‌ని ఎగదోస్తుంది, బ్యాటరీ దగ్గర పదిహేను దాటిపోయి యాసిడ్ ఉడుకుద్ది. జనం రెగ్యులేటర్లు మార్చుకుంటూ పోతారు, తప్పు దాంట్లో లేనేలేదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఎక్కువుంటే ముందు మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది రెగ్యులేటర్ నీలం వైరు మీద పెట్టి మధ్యలో ఎంత డ్రాప్ ఉందో కొలువు. రెగ్యులేటర్ బాడీయే దాని గ్రౌండు కూడా, కాబట్టి ఫైర్‌వాల్‌కి బిగించేచోట పెయింటు గీకి లోహానికి లోహం తగలాలి. 1970 నుంచి క్రైస్లర్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌కి మారింది, ఆల్టర్నేటర్‌కి రెండు ఫీల్డ్ వైర్లు వచ్చాయి, నీ దానికి ఒకటే. పార్టులు ఆర్డర్ చేసేటప్పుడు ఇది చూసుకో, కౌంటర్లో కుర్రాడు చూసుకోడు.

అమ్మీటర్‌ని బైపాస్ చెయ్యాలా అంటే, ఒరిజినల్ ఆల్టర్నేటర్, ఒరిజినల్ లోడ్లు, శుభ్రమైన పిన్నులు ఉంటే అక్కర్లేదు, ఫ్యాక్టరీ డిజైన్ దానికి సరిపడానే చేశారు. 100 ఆంపుల ఆల్టర్నేటర్ పెట్టాలనుకుంటే మాత్రం తప్పదు. ఆల్టర్నేటర్ స్టడ్ నుంచి నేరుగా స్టార్టర్ రిలే స్టడ్‌కి 8 గేజ్ వైరు వెయ్యి, ఆ చివర 12 గేజ్ ఫ్యూజిబుల్ లింక్ పెట్టు. లింక్ ఎప్పుడూ తాను కాపాడే వైరు కన్నా నాలుగు నంబర్లు సన్నగా ఉండాలి, నీ ఒరిజినల్ 12 గేజ్ వైరుకి 16 గేజ్ లింక్ అలా వచ్చిందే. లింక్ అంటే దానికోసం చేసిన ప్రత్యేకమైన వైరు, మామూలు 16 గేజ్ వైరు ముక్క పెడితే దాని ఇన్సులేషనే అంటుకుంటుంది. తర్వాత డాష్‌లో అమ్మీటర్ రెండు వైర్లూ తీసి ఒకే స్టడ్‌కి బిగించి ఇన్సులేట్ చేసెయ్, గేజ్ ముల్లు బొమ్మలా ఉండిపోద్ది, పక్కన ఎక్కడైనా చిన్న వోల్ట్‌మీటర్ పెట్టుకో.

క్రింపింగ్ గురించి వాదనలు ఆగవు, నా పద్ధతి చెప్తా. ఎర్ర, నీలం ప్లాస్టిక్ గొట్టాలున్న టెర్మినళ్లు, వాటిని చిదిమే చవక ప్లయర్ ఈ పనికి వద్దు. ఓపెన్ బ్యారెల్ టెర్మినళ్లు, వాటికి సరైన క్రింపర్ కొను, రెక్కలు రెండూ లోపలికి మడుచుకుని వైరులోకి దిగాలి, వెనక రెక్కలు ఇన్సులేషన్‌ని పట్టుకోవాలి, లాగితే వైరు తెగాలి గానీ ఊడకూడదు. సోల్డర్ పెడితే ఆ సీసం వైరులోకి పాకి గట్టిపడుద్ది, వైబ్రేషన్‌కి సరిగ్గా ఆ గట్టి భాగం ముగిసేచోటే తెగుద్ది. జాయింట్లకి లోపల జిగురున్న హీట్ ష్రింక్ వాడు. వైరు కొనేటప్పుడు జీఎక్స్ఎల్ గానీ టీఎక్స్ఎల్ గానీ తీసుకో, 125 డిగ్రీల సెల్సియస్ తట్టుకుంటుంది, మామూలు పీవీసీ జీపీటీ 80 దగ్గరే మెత్తబడిపోద్ది, నీ ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ పక్కన అది ఎన్నాళ్లుంటుందో నువ్వే ఆలోచించు. పైన చుట్టేది జిగురు లేని హార్నెస్ టేపు, మామూలు ఇన్సులేషన్ టేపు చుడితే రెండు వేసవుల్లో చేతికి జిడ్డు.

హెడ్‌లైట్లకి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్‌లు) తప్పకుండా పెట్టు. నీ బండికి నాలుగు లైట్లు, హై బీమ్‌లో నాలుగూ వెలిగితే ఒక్కోటి 37.5 వాట్ల లెక్కన 150 వాట్లు, అంటే దాదాపు 12 ఆంపులు, అదంతా ఆ పాత హెడ్‌లైట్ స్విచ్, కాలికింద డిమ్మర్ స్విచ్ మీదుగా పోతుంది. రిలేలు పెడితే స్విచ్ మీద ఉండేది రిలే కాయిల్ భారమే, లైట్లు ఎంత తెల్లగా వెలుగుతాయో చూసి నువ్వే ఆశ్చర్యపోతావ్. డాష్‌లో ఇంకోటి, ఫ్యుయెల్, టెంపరేచర్ గేజ్‌లు 12 వోల్టుల మీద నడవవు, ఒక చిన్న లిమిటర్ కరెంటుని కొట్టుకుంటూ సగటున 5 వోల్టులు ఇస్తుంది, కొన్ని క్లస్టర్లలో వెనక గుచ్చి ఉంటుంది, కొన్నిట్లో ఫ్యుయెల్ గేజ్ లోపలే. అది అతుక్కుపోతే 12 నేరుగా వెళ్లి గేజ్‌లు మాడతాయి. క్లస్టర్ ఎలాగూ బయటికి తీస్తావు కాబట్టి ఎలక్ట్రానిక్ 5 వోల్టుల లిమిటర్ పెట్టెయ్.

పెయింటు తర్వాత లైట్లు వింతగా ప్రవర్తిస్తే, ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు మినుకుమంటే, తొంభై శాతం గ్రౌండే. కొత్త పెయింటు, పౌడర్ కోటింగ్ రెండూ కరెంటుని ఆపేస్తాయి. బ్యాటరీ నెగటివ్ ఇంజిన్ బ్లాక్‌కి, ఇంజిన్ వెనక నుంచి ఫైర్‌వాల్‌కి అల్లిన స్ట్రాప్, ఇవి రెండూ ఉండాలి, ఆ స్ట్రాప్ లేకుండా స్టార్ట్ చేస్తే కరెంటు క్లచ్ లింకేజీ, కేబుళ్ల మీదుగా దారి వెతుక్కుంటుంది.

వరస అడిగావ్ కదా. ముందు ఫోటోలు, ప్రతి కనెక్టర్‌కి ట్యాగు. తర్వాత తుప్పు, అంటే ట్రంక్ ఫ్లోర్, క్వార్టర్ ప్యానెళ్ల అడుగు, కౌల్, ముఖ్యంగా టార్షన్ బార్లని (ముందు స్ప్రింగుల బదులు మెలితిరిగే కడ్డీలు) పట్టుకునే క్రాస్‌మెంబర్, అది తుప్పుపట్టి ఉంటే మిగతావన్నీ ఆపి దాని సంగతి చూడాలి, ముందు సస్పెన్షన్ బరువంతా అక్కడే. ఫ్లోర్ కొయ్యాల్సొస్తే తలుపుల మధ్య అడ్డంగా పైపులు వెల్డ్ చేసి తర్వాత కొయ్యి, ఇది ఫ్రేము లేని యూనిబాడీ. టార్షన్ బార్లని అడ్జస్టర్ బోల్టులు పూర్తిగా వదులు చేశాకే విప్పు, లేకపోతే చెయ్యి పోద్ది. డ్రైవర్ వైపు చక్రాల నట్లకి రివర్స్ థ్రెడ్, స్టడ్ కొన మీద ఎల్ అని ఉంటుంది, అది తెలీక ఇంపాక్ట్ గన్‌తో స్టడ్లు విరగ్గొట్టుకున్నోళ్లు ఎంతమందో. పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి దులపకు, తడిపి తుడువు. బాడీ, పెయింటు, బ్రేకులు, ఫ్యుయెల్ లైన్లు, ఆ తర్వాత ఇంజిన్ కూర్చోబెట్టడం, అప్పుడు వైరింగ్, చివర్లో సీట్లు, కార్పెట్. వైరింగ్ ముందే వేస్తే వెల్డింగ్ నిప్పులు దాని మీదే పడతాయి.

ఇంజిన్ గురించి క్లుప్తంగా చెప్తా, అది మెషిన్ షాపు పని ఎక్కువ. బోర్ కొలతలు, క్రాంక్ గ్రైండింగ్ వాళ్లకిచ్చి అసెంబ్లీ నువ్వు చేస్కో. బోల్టుల బిగింపు, మెయిన్ క్యాపులు 85, రాడ్లు 45, హెడ్ బోల్టులు 70 ఫుట్ పౌండ్లు. స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటర్, దాని కింద షాఫ్టు తీసి 5/16 అంగుళాల హెక్స్ రాడ్డు డ్రిల్లుకి పెట్టి గడియారానికి ఎదురు దిశలో తిప్పు, ఆయిల్ ప్రెషర్ గేజ్ లేచేదాకా. ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, డిస్ట్రిబ్యూటర్ కూడా ఎదురు దిశే, చిన్న బ్లాక్ 340, 318 వీడియో చూసి వైర్లు పెడితే అది సవ్య దిశ, బ్యాక్‌ఫైర్ అయి కూర్చుంటుంది. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) కొత్తదైతే జింకున్న బ్రేకిన్ ఆయిల్ పోసి, అందుకోగానే 2000 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్య ఇరవై ముప్పై నిమిషాలు నడుపు, ఐడిల్‌కి దించకు. పొరుగింటాయన తలుపు కొడతాడు, ముందే చెప్పి ఉంచు. అందుకే ఛార్జింగ్, ఇగ్నిషన్ సర్క్యూట్లు అప్పటికే టెస్టు అయి ఉండాలి, ఆ ఇరవై నిమిషాల మధ్యలో వైరు మాడి ఇంజిన్ ఆపాల్సొస్తే క్యామ్ లోబులు అరిగిపోయే ప్రమాదం ఉంది.

ఆ టెస్టు ఎలా అంటే, కరెంటు మొదటిసారి ఇచ్చే రోజు బ్యాటరీ నెగటివ్ కేబుల్ నేరుగా బిగించకు. పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసుకుని నెగటివ్ పోస్టుకీ కేబుల్‌కీ మధ్యలో కలుపు. అన్నీ ఆఫ్‌లో ఉండి, తలుపులు మూసి ఉంటే బల్బు వెలగకూడదు. ఫుల్లుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్టే, కానీ పొగ రాదు, ఎందుకంటే బల్బు తాను తీసుకునేదానికి మించి పోనివ్వదు. అది అలా వెలుగుతుండగానే ఫ్యూజులు ఒక్కోటి పీకుతూ పో, ఏది పీకితే బల్బు ఆరిపోయిందో ఆ సర్క్యూట్లోనే దొంగ. ఏ ఫ్యూజుకీ ఆరకపోతే ఇగ్నిషన్ స్విచ్, హెడ్‌లైట్ స్విచ్ ప్లగ్గులు ఊడదీసి చూడు, వాటి లావు వైర్లు ఫ్యూజ్ బాక్సు గుండా పోవు, హెడ్‌లైట్లకి స్విచ్‌లోనే సర్క్యూట్ బ్రేకర్ ఉంటుంది. బల్బు ఆరాకే కేబుల్ బిగించి ఒక్కో స్విచ్ వేస్తూ చూడు, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని.

అన్నట్టు ఆ బీప్ బీప్ హారన్ ఉందా నీ దానికి, ఊదారంగుది? ఉంటే పారెయ్యకు, పని చెయ్యకపోయినా సరే, స్వాప్ మీట్లలో దానికి గిరాకీ బాగుంది. ఇప్పటికి బల్క్‌హెడ్ కనెక్టర్ రెండు వైపులా, అమ్మీటర్ వెనక భాగం, ఫ్యూజ్ బాక్సు ఫోటోలు వెలుతుర్లో తీసి పెట్టు, విన్ చివరి ఆరంకెలు మాత్రం కనపడకుండా చూస్కో. డాష్ హార్నెస్ దాచొచ్చా, కొత్తది కొనాలా అనేది అవి చూశాక చెప్తా.